పాఠకుల ప్రశ్నలు, జవాబులు: ప్రకృతి లెక్కలు, మెదడు, చిత్రకళ

ఈ నెల శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే విషయం గురించి ఉన్నాయి: ప్రకృతిలో కనిపించే గణిత క్రమాలు, వాటికి మెదడు స్పందించే తీరు, ఆ రెండింటి నుంచి పుట్టిన చిత్రకళ. ఒకే ప్రశ్నను పలువురు అడిగినప్పుడు వివరంగా రాసిన ఉత్తరాన్ని తీసుకున్నాం. కొందరు తమ పేరు వేయవద్దని కోరినందువల్ల అందరికీ ఊరి పేరు మాత్రమే ఇస్తున్నాం.

ప్రశ్న: నేను చిత్రలేఖనంలో డిగ్రీ చదువుతున్నాను. మోనాలిసా ముఖం, ఏథెన్స్‌లోని పార్థెనాన్, సముద్రంలో దొరికే నాటిలస్ గుల్ల, పొద్దుతిరుగుడు పువ్వు, అన్నింటిలోనూ 1.618 అనే స్వర్ణ నిష్పత్తి దాగి ఉందని వీడియోలలో చూపిస్తున్నారు. బొమ్మ మొదలుపెట్టే ముందు ఆ చుట్టను కాగితం మీద గీసుకుని, దాని ప్రకారమే వస్తువులను అమర్చుకోవాలా?
— విద్యార్థిని, తెనాలి

జవాబు: మీరు చెప్పిన నాలుగింటిలో పొద్దుతిరుగుడు ఒక్కటే ఆ జాబితాలో ఉండదగినది. నాటిలస్ గుల్ల చక్కని సర్పిలమే కాని, స్వర్ణ నిష్పత్తి సర్పిలం కాదు. స్వర్ణ సర్పిలం పావు చుట్టుకు 1.618 రెట్లు పెరుగుతుంది కనుక ఒక పూర్తి చుట్టుకు దాదాపు 6.85 రెట్లు విచ్చుకోవాలి. నాటిలస్ అంత వేగంగా విచ్చుకోదు. దాని పెరుగుదల పూర్తి చుట్టుకు సుమారు మూడు రెట్లు. గుల్లను కోసిన ఫొటో మీద స్వర్ణ సర్పిలాన్ని ఉన్నదున్నట్టుగా పెట్టి చూస్తే రెండూ కలవవన్న సంగతి మీకే తెలుస్తుంది. పార్థెనాన్ విషయానికి వస్తే, దాని నిర్మాతలు ఈ నిష్పత్తిని పాటించారని చెప్పే ప్రాచీన గ్రంథం ఏదీ లేదు. కొలత ఏ మెట్టు నుంచి మొదలుపెట్టాలో, ఏ అంచు దగ్గర ఆపాలో కొలిచేవాడే నిర్ణయించుకుంటే ఏ కట్టడంలోనైనా కోరుకున్న సంఖ్య దొరుకుతుంది. మోనాలిసా ముఖం మీద గీసే దీర్ఘచతురస్రాలదీ అదే కథ.

ఈ నమ్మకం అనుకున్నంత పాతది కాదు. యూక్లిడ్ ఈ నిష్పత్తిని నిర్వచించాడు కాని, అందంతో దానికి సంబంధం ఉందని ఎక్కడా అనలేదు. 1509లో ఇటలీ గణితవేత్త లూకా పచోలీ దీని మీద ఒక గ్రంథమే ప్రచురించాడు. అందులోని ఘనరూపాల బొమ్మలు లియొనార్డో డా వించీ వేసినవి. చిత్రమేమిటంటే, మనిషి శరీర ప్రమాణాల గురించి చెప్పవలసి వచ్చినప్పుడు పచోలీ కూడా ప్రాచీన రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ చెప్పిన మామూలు భిన్నాలనే ఆశ్రయించాడు. ప్రకృతి అంతటికీ, కళ అంతటికీ ఇదే సూత్రమన్న ప్రచారం 1854లో అడాల్ఫ్ జైజింగ్ అనే జర్మన్ పండితుడితో ఊపందుకుంది. గుస్తావ్ ఫెక్నర్ అనే జర్మన్ శాస్త్రవేత్త రకరకాల దీర్ఘచతురస్రాలను జనానికి చూపించి ఏది నచ్చిందో అడిగి, 1876లో తన ఫలితాలను ప్రకటించాడు. ఎక్కువమంది స్వర్ణ దీర్ఘచతురస్రాన్ని ఎంచుకున్నారని ఆయన చెప్పాడు కాని, తరువాత అదే ప్రయోగాన్ని చేసినవారికి ఫలితం నిలకడగా రాలేదు. ఈ నిష్పత్తిని తెలిసి వాడుకున్న కళాకారులు ఆధునిక కాలంలో ఉన్నారు. సాల్వడార్ డాలీ 1955లో పూర్తిచేసిన ‘ద సాక్రమెంట్ ఆఫ్ ద లాస్ట్ సప్పర్’ చిత్రపటం కొలతలు దాదాపు ఆ నిష్పత్తిలోనే ఉంటాయి. బొమ్మలో భోజనబల్ల పైన పన్నెండు ముఖాల ఘనరూపం ఒకటి పారదర్శకంగా నిలబడి ఉంటుంది. అది డాలీ ఇష్టపడి ఎంచుకున్న పద్ధతి. ప్రకృతి ఆయనను ఒత్తిడి చేయలేదు.

పొద్దుతిరుగుడు సంగతి వేరు. ఆ పువ్వు గింజల చుట్టలను ఒకవైపు 34, మరోవైపు 55గా, పెద్ద పువ్వులో 55, 89గా లెక్కపెట్టవచ్చు. అవి ఫిబొనాచీ వరుసలో, అంటే ప్రతి సంఖ్యా తన ముందున్న రెండింటి మొత్తమయ్యే వరుసలో, పక్కపక్కనే ఉండే సంఖ్యలు. కారణం పువ్వు పెరిగే తీరులో ఉంది. నడిమధ్యన ఒక్కొక్క మొగ్గ పుడుతూ పాతవాటిని బయటికి నెడుతుంటుంది. కొత్తది పుట్టే చోటును అప్పటికే ఉన్న మొగ్గలకు వీలైనంత దూరంగా ఎంచుకోవలసి వస్తుంది. ఈ నియమం ఒక్కటే చాలని స్తెఫాన్ దువాడీ, ఈవ్ కూదే అనే ఫ్రెంచి భౌతికశాస్త్రవేత్తలు 1992లో మొక్క ప్రమేయమే లేకుండా నిరూపించారు. వారు సిలికాన్ నూనె ఉన్న పళ్లెం మధ్యలో అయస్కాంత ద్రవపు చుక్కలను ఒకదాని తరువాత ఒకటి వదిలారు. ఆ చుక్కలు ఒకదానినొకటి వికర్షించుకుంటూ అంచువైపు జరిగిపోయాయి. చుక్కలు వేసే వేగాన్ని పెంచేకొద్దీ వరుసగా పడిన రెండు చుక్కల మధ్య కోణం 137.5 డిగ్రీలకు దగ్గరైంది. పూర్తి వృత్తాన్ని స్వర్ణ నిష్పత్తిలో రెండుగా చీలిస్తే వచ్చే చిన్న కోణమది. పొద్దుతిరుగుడు గింజల మధ్య ఉన్నదీ అదే కోణం. అయినా ప్రకృతి ఈ నియమాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తుందని అనుకోనక్కరలేదు. గణితవేత్త అలన్ ట్యూరింగ్ శతజయంతి సందర్భంగా 2012లో మాంచెస్టర్ మ్యూజియం ఒకటి జనంచేత పొద్దుతిరుగుడు మొక్కలు పెంచించింది. అలా వచ్చిన 657 పువ్వులను లెక్కిస్తే, ఎక్కువవాటిలో ఫిబొనాచీ సంఖ్యలే కనిపించాయి కాని, ఒకటి తక్కువగానో ఒకటి ఎక్కువగానో ఉన్నవి, పూర్తిగా వేరే సంఖ్యలున్నవి కూడా బయటపడ్డాయి.

అందువల్ల మీకు నేను ఇచ్చే సలహా ఇది. చుట్టను కాగితం మీద అచ్చువేసుకుని వస్తువులను దానిలోకి కుదించకండి. ఒక పువ్వునో గుల్లనో వేయదలచినప్పుడు అది ఏ నియమంతో పెరిగిందో తెలుసుకుని, ఆ నియమంతోనే గీతను పెంచుకుంటూ వెళ్లండి. ముందే పెట్టుకున్న కొలతలో దొరకని జీవం అలా గీసిన బొమ్మలోకి వస్తుంది.

ప్రశ్న: ఫిబొనాచీ సంఖ్యలు మన ఛందస్సులోనే మొదట ఉన్నాయని అంటున్నారు. తెలుగు పండితుడిగా ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన నాకు ఇది ఎక్కడా తారసపడలేదు. గర్వం కోసం చెప్పే మాటా, నిజమా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

జవాబు: నిజమే. అంతేకాదు, మీరు ఆ పాఠాన్ని ప్రతి సంవత్సరం చెప్పే ఉంటారు. కంద పద్యంలో వాడే గణాలు గగ, భ, జ, స, నల. నాలుగు మాత్రలను లఘువులు (ఒక మాత్ర), గురువులతో (రెండు మాత్రలు) ఎన్ని విధాలుగా నింపగలమో అవన్నీ ఈ అయిదే, ఆరవది లేదు. ఒక మాత్రకు ఒక విధం, రెండింటికి రెండు, మూడింటికి మూడు, నాలుగింటికి అయిదు, అయిదింటికి ఎనిమిది, ఆరింటికి పదమూడు. కారణం తేలికే: ఏ అమరికైనా చివర లఘువుతోనో గురువుతోనో ముగియాలి. లఘువుతో ముగిస్తే దాని ముందు ఒక మాత్ర తక్కువగల అమరిక ఉంటుంది, గురువుతో ముగిస్తే రెండు మాత్రలు తక్కువగలది ఉంటుంది. కనుక ప్రతి సంఖ్యా దాని ముందున్న రెండింటి మొత్తం అవుతుంది. ప్రాకృత ఛందశ్శాస్త్రం రాసిన విరహాంకుడు, పన్నెండవ శతాబ్దపు హేమచంద్రుడు ఈ లెక్కను వివరించారు. పీసా నగరపు ఫిబొనాచీ కుందేళ్ల లెక్కతో తన గ్రంథాన్ని వెలువరించినది 1202లో.

మూడు మాత్రలకు మూడు అమరికలున్నా తెలుగు సూర్యగణాలు న, హ అని రెండే. లఘువు తరువాత గురువు వచ్చే లగం మనవారి చెవికి ఎక్కలేదు. గణితం ఇచ్చిన అవకాశాలలోంచి కళ కొన్నింటిని వదులుకోవడం నాకు ఈ విషయంలో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి. అయితే పద్యంలోనూ పువ్వులోనూ ఒకే సంఖ్యలు వచ్చినంత మాత్రాన రెండింటికీ మూలం ఒకటే అనకూడదు. పద్యంలో అది ఎన్ని విధాలుగా నింపవచ్చునన్న లెక్క, పువ్వులో చోటు కోసం జరిగే సర్దుబాటు.

ప్రశ్న: నాకు పార్శ్వపు నొప్పి వచ్చే ముందు చూపులో మెరిసే వంకరటింకర గీతలు కనిపిస్తాయి. అవి నడిమధ్యన చిన్నగా మొదలై, కోట గోడ బురుజుల్లా వంగి, పక్కకు పెరుగుతూ దాదాపు అరగంటలో మాయమవుతాయి. ఆ క్రమం ఎంత కచ్చితంగా ఉంటుందంటే ఒకసారి బొమ్మ గీసి పెట్టుకున్నాను. ఇది నా కంటిలో ఉందా, మెదడులో ఉందా? చిత్రకారులు ఇలాంటివాటిని వాడుకున్నారా?
— పాఠకురాలు, వరంగల్లు

జవాబు: ముందుగా ఒక మాట. ఇంతవరకు వైద్యులకు చూపించుకోకపోతే ఒకసారి చూపించుకోండి. అటువంటి మెరుపులు మొదటిసారి వచ్చినా, ఎప్పటికన్నా వేరుగా వచ్చినా, మాట తడబడటమో చేయి బలహీనపడటమో తోడైనా ఆలస్యం చేయవద్దు.

మీరు వర్ణించినది మైగ్రేన్ ‘ఆరా’కు సరిగ్గా సరిపోతోంది. రెండు కళ్లకూ ఒకేవైపు కనిపిస్తుంటే, ఏ కన్ను మూసినా పోకుండా ఉంటే, అది కంటిలోది కాదు. తల వెనుక భాగంలో చూపును మొదట అందుకునే మెదడు పొరలోది. హ్యూబర్ట్ ఎయిరీ అనే ఆంగ్ల వైద్యుడు తనకు వచ్చే ఇటువంటి గీతలను నిమిషాల వారీగా గీసి 1870లో ప్రచురించాడు. మీలాగే ఆయనకూ అవి పాత యూరపు కోటల బురుజుల నక్షాలను గుర్తుచేశాయి. 1941లో కార్ల్ లాష్లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక అడుగు ముందుకు వేశాడు. తన చూపులో ఆ గీత జరిగే వేగాన్ని కొలిచి, మెదడు పొర మీద ఆ అలజడి నిమిషానికి సుమారు మూడు మిల్లీమీటర్ల వేగంతో పాకుతుండాలని లెక్కగట్టాడు. మూడేళ్ల తరువాత బ్రెజిల్‌కు చెందిన అరిస్టిడెస్ లెయావ్ కుందేళ్ల మెదడు మీద నెమ్మదిగా పాకే విద్యుత్ స్తబ్దతను కనుగొన్నాడు. దాని వేగం లాష్లీ లెక్కకు దగ్గరగా ఉంది. ఒక మనిషి తన తలనొప్పిని శ్రద్ధగా గమనించి, కాగితం పెన్సిలు తప్ప మరో పరికరం లేకుండా తన మెదడులోని వేగాన్ని కొలవడం నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది.

ఇక ఆ క్రమం అంత కచ్చితంగా ఎందుకుంటుందన్నది చూద్దాం. హైన్రిఖ్ క్లూవర్ అనే శాస్త్రవేత్త 1920లలో మత్తుపదార్థాల ప్రభావంలో కనిపించే ఆకారాలను నాలుగు జాతులుగా విభజించాడు: తేనెపట్టు వంటి జాలకాలు, సాలెగూళ్లు, సొరంగాలు, సర్పిలాలు. మనుషులు వేరు, సందర్భాలు వేరు, ఆకారాలు మాత్రం అవే. కళ్లు మూసుకుని సూర్యుడివైపు తిరిగి వేళ్లను కంటి ముందు ఆడిస్తే గళ్లు, చదరాలు కనిపిస్తాయని చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే 1819లోనే రాశాడు.

ఈ రహస్యం విప్పడానికి జీబ్రా చారల లెక్క పనికివచ్చింది. ట్యూరింగ్ 1952లో ప్రచురించిన ఒక వ్యాసంలో, ఒకటి ఉత్తేజపరిచేది, మరొకటి అణచేది అయిన రెండు రసాయనాలు వేర్వేరు వేగాలతో వ్యాపిస్తే, ఏకరీతిగా ఉన్న చర్మం మీద మచ్చలో చారలో తమంతట తామే ఏర్పడగలవని చూపించాడు. ఉత్తేజం దగ్గరలోనే ఆగిపోవాలి, అణచివేత దూరం వెళ్లాలి, షరతు అంతే. 1995లో షిగెరు కొండో, రిహిటో అసాయి ఒక జాతి సముద్రపు ఏంజెల్‌ఫిష్ ఒంటి చారలు ఆ సమీకరణాలు చెప్పినట్టే జరుగుతున్నాయని గమనించారు. మెదడు పొరలోనూ నాడీకణాలు ఇరుగుపొరుగును ఉత్తేజపరుస్తాయి, కొంచెం దూరంలో ఉన్నవాటిని అణచివేస్తాయి. బార్డ్ ఎర్మెంట్రౌట్, జాక్ కోవన్ 1979లో ఈ పోలికను పట్టుకున్నారు. మెదడు పొర సమతౌల్యం తప్పితే దాని మీద సమాంతరమైన చారలు లేస్తాయని వారి గణితం చెప్పింది.

చారలు నిలువుగానో అడ్డంగానో లేచినప్పుడు సొరంగం ఎలా కనిపిస్తుందన్న సందేహం మీకు రావచ్చు. కంటి తెర మీది దృశ్యం మెదడులోకి ఉన్నదున్నట్టుగా దిగదు. చూపు నడిమధ్య భాగానికి మెదడులో చాలా ఎక్కువ చోటు, అంచులకు చాలా తక్కువ చోటు దొరుకుతాయి. గణితపరంగా అది లాగరిథం మార్పిడికి దగ్గరగా ఉంటుంది. ఆ మార్పిడిలో కంటి ముందున్న వలయాలు మెదడు మీద ఒకవైపు పోయే తిన్నని చారలవుతాయి, మధ్య నుంచి విరజిమ్మే కిరణాలు వాటికి అడ్డంగా పోయే చారలవుతాయి, సర్పిలాలు ఏటవాలు చారలవుతాయి. కనుక మెదడు తనంతట తానే చారలు వేసుకున్నప్పుడు దాని యజమానికి వలయాలో కిరణాలో సర్పిలాలో కనిపిస్తాయి. 2001లో కోవన్, పాల్ బ్రెస్లాఫ్, మార్టిన్ గొలుబిట్స్కీ తదితరులు ఈ లెక్కను విస్తరించారు. ఒక్కొక్క నాడీకణం ఒక్కొక్క దిశలో ఉన్న గీతకే స్పందిస్తుందన్న నాడీశాస్త్రవేత్తలు హ్యూబెల్, వీజెల్‌ల ఆవిష్కరణను చేర్చుకోవడంతో తేనెపట్లు, సాలెగూళ్లు కూడా వారి లెక్కలోకి వచ్చాయి.

చిత్రకారుల విషయం. బ్రయన్ గైసిన్, ఇయాన్ సోమర్‌విల్ 1959 ప్రాంతంలో ‘డ్రీమ్ మెషీన్’ అనే పరికరాన్ని తయారుచేశారు. చీలికలున్న గొట్టం మధ్యలో బల్బు పెట్టి దానిని రికార్డు తిప్పే యంత్రం మీద తిప్పుతారు. కళ్లు మూసుకుని ముందు కూర్చున్నవారికి సెకనుకు ఎనిమిది నుంచి పదమూడు సార్లు వెలుగు తగిలి, ఆకారాలు కనిపించడం మొదలవుతుంది. కళ్లు మూసుకుని చూడవలసిన కళాఖండమని దానికి పేరు. మూర్ఛ ఉన్నవారికి, మైగ్రేన్ ఉన్న మీ వంటివారికి అది హాని చేయవచ్చు కనుక ఆ ప్రయత్నం జోలికి పోకండి. జపాన్ చిత్రకారిణి యాయోయి కుసామా చిన్ననాటి నుంచి తనకు చుక్కలు, వలలు లోకమంతా కమ్ముకున్నట్టు కనిపించేవని చెప్పుకున్నారు. 1950ల చివరి నుంచి ఆమె వేసిన అంతులేని వలల చిత్రాలు ప్రసిద్ధమైనవి. పన్నెండవ శతాబ్దపు జర్మన్ సన్యాసిని హిల్డెగార్డ్ దర్శనాల చిత్రాలలో మైగ్రేన్ గుర్తులు ఉన్నాయని చరిత్రకారుడు ఛార్లెస్ సింగర్ వాదించాడు. ఎనిమిది వందల ఏళ్ల కిందటి బొమ్మను చూసి రోగం నిర్ణయించడం నాకు రుచించదు. మీరు గీసి పెట్టుకున్న బొమ్మ మాత్రం ఉంచండి. వీలైతే నిమిషం నిమిషానికీ ఒకటి చొప్పున, నొప్పి తీవ్రం కాకముందు ఓపిక ఉన్నంతవరకు గీయండి. ఎయిరీ చేసింది అదే. వైద్యులకూ అది ఉపయోగపడుతుంది.

ప్రశ్న: ఫిలడెల్ఫియాలోని ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్‌లో బంగారు రేకుతో చేసిన పెద్ద మెదడు చిత్రం చూశాం. మేము నడుస్తుంటే అందులోని గీతలు మెరుస్తూ కదిలినట్టున్నాయి. అది ఎలా చేశారు? నాడీకణాలు చెట్లలా ఉండటం కళాకారుడి కల్పనా?
— పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: మీరు చూసినది గ్రెగ్ డన్, బ్రయన్ ఎడ్వర్డ్స్ చేసి 2016లో ఆవిష్కరించిన ‘సెల్ఫ్ రిఫ్లెక్టెడ్’. మెదడును నిలువుగా కోస్తే వచ్చే పలుచని పొరను 22 రెట్లు పెద్దది చేసి చూపిన చిత్రమది. అందులో దాదాపు అయిదు లక్షల నాడీకణాలు ఉన్నాయి. ప్రతి గీతను లోహం మీద ఒక నిర్ణీత కోణంలో సన్నగా చెక్కి పైన బంగారు రేకు అంటించారు. వెలుగు పడే దిశ మారినా, చూసేవారు జరిగినా వేరే గీతలు వెలుగుతాయి. డన్ నాడీశాస్త్రంలో డాక్టరేట్ చేసినవాడు. ఆయన మొదటి చిత్రాలు జపాన్ సిరా చిత్రాల పద్ధతిలో ఉంటాయి. సిరా చుక్కను నోటితో ఊది కాగితం మీద పారిస్తే అది తనకు తోచినట్టు కొమ్మలు వేస్తుంది. కణాన్ని చూసి నకలు గీసే బదులు, సిరానే కణంలా పెరగనివ్వడం ఆ పద్ధతిలోని మెళకువ. తెనాలి విద్యార్థిని ఈ చిత్రాలు వెతికి చూడాలని నా కోరిక.

చెట్టు పోలిక కల్పన కాదు. 1873లో ఇటలీకి చెందిన కామిలో గోల్జీ వెండి లవణంతో కణాలకు నల్లరంగు పట్టించే పద్ధతిని కనుగొన్నాడు. నూటికి కొన్ని కణాలకే రంగు పట్టడం దాని గొప్పతనం. అన్నిటికీ పట్టి ఉంటే కాగితం నిండా మసి తప్ప ఏమీ కనిపించేది కాదు. చిన్నప్పుడు చిత్రకారుడు కావాలనుకున్న సాంతియాగో రమోన్ ఇ కహాల్ అనే స్పెయిన్ శాస్త్రవేత్త ఆ పద్ధతిని 1887లో చూసి, తరువాత దశాబ్దాలపాటు సూక్ష్మదర్శిని దగ్గర కూర్చుని వందల బొమ్మలు వేశాడు. కణాలన్నీ ఒకే అతుకుల వల అని గోల్జీ, ఒక్కొక్కటీ విడివిడి కణమని కహాల్ వాదించుకున్నారు. ఇద్దరూ 1906లో నోబెల్ బహుమతిని పంచుకున్నారు. నిలిచినది కహాల్ మాట. కణాల కొమ్మలు అలా ఎందుకు ఉంటాయో కూడా ఆయన చెప్పాడు: పదార్థం ఆదా కావాలి, సంకేతం చేరే సమయం ఆదా కావాలి, చోటు ఆదా కావాలి. ఈ మూడూ ఒకదానితో ఒకటి పోటీపడతాయి కనుకనే కొమ్మలు తిన్నగానూ ఉండవు, అడ్డదిడ్డంగానూ ఉండవు. చెట్టుకూ నీరు, వెలుగు, కలప విషయంలో అటువంటి పోటీయే ఉంటుంది. చిన్నమెదడులోని పుర్కిన్యే కణం మరీ విచిత్రం: వందలాది కొమ్మలు వేసినా గోడకు ఆనించి పెంచినట్టు ఒకే తలంలో పరుచుకుని ఉంటుంది. కహాల్ వేసిన ఆ కణం బొమ్మను ఇప్పటికీ పాఠ్యగ్రంథాలలో వాడుతున్నారు.

ప్రశ్న: జాక్సన్ పొలాక్ రంగులు చిలకరించి వేసిన చిత్రాలు ఫ్రాక్టల్‌లని, అందుకే అవి మెదడుకు హాయినిస్తాయని చదివాను. నమ్మవచ్చా?
— పాఠకుడు, హైదరాబాదు

జవాబు: సగం నమ్మండి. పెద్దది చేసి చూసినా చిన్నది చేసి చూసినా అదే తీరు కనిపించే రూపాలకు మాండెల్‌బ్రో 1975లో ఫ్రాక్టల్ అని పేరు పెట్టాడు. రిచర్డ్ టేలర్ అనే భౌతికశాస్త్రవేత్త తన సహచరులతో కలిసి పొలాక్ చిత్రాల మీద గళ్లు పరిచి లెక్కించి, అవి ఫ్రాక్టల్‌లని 1999లో నేచర్ పత్రికలో ప్రకటించాడు. 2006లో అదే పత్రికలో క్యాథరిన్ జోన్స్-స్మిత్, హర్ష్ మాథుర్ దానిని ఖండించారు. ఆ పరీక్షకు అందే పరిమాణాల పరిధి చాలా చిన్నదని, పిల్లలు వేసే నక్షత్రాల వంటి గీతలు కూడా అందులో నెగ్గుతాయని వారు చూపించారు. మధ్యస్థంగా చిక్కనైన ఫ్రాక్టల్ రూపాలను చూడటానికి జనం ఎక్కువగా ఇష్టపడతారన్న టేలర్ పరిశీలన వేరే విషయం. మేఘాలు, చెట్లు ఆ చిక్కదనం దరిదాపులలోనే ఉంటాయి. పొలాక్ గొప్పతనానికి మాత్రం ఫ్రాక్టల్ అన్న ముద్ర అవసరమని నేను అనుకోను.

ప్రశ్న: సంక్రాంతికి మెలికల ముగ్గులు వేసేటప్పుడు కొన్ని చుక్కల లెక్కలకు చేయి ఎత్తకుండా ఒకే గీతతో ముగ్గు పూర్తవుతుంది. కొన్నింటికి రెండు మూడు గీతలు విడివిడిగా వేయవలసి వస్తుంది. ముందే తెలుసుకునే ఉపాయం ఉందా? పువ్వుల లెక్కకూ దీనికీ సంబంధం ఉందా?
— గృహిణి, విజయనగరం

జవాబు: ఉపాయం ఉంది, చాలా సులువైనది కూడా. చుక్కలు దీర్ఘచతురస్రంగా ఎదురెదురుగా పెట్టి, గీతను చుక్కల మధ్య ఏటవాలుగా నడిపిస్తూ అంచు దగ్గర మాత్రమే మళ్లించే ముగ్గు అయితే, అడ్డ వరుసల సంఖ్యకూ నిలువు వరుసల సంఖ్యకూ గరిష్ఠ సామాన్య భాజకం ఎంతో గీతలు అన్ని. బడిలో గసాభా అని నేర్చుకున్నదే. నాలుగు అయిదుల ముగ్గుకు గసాభా 1 కనుక ఒకే గీత. నాలుగు ఆరులకు రెండు గీతలు. నాలుగు నాలుగులకు నాలుగు. విడివిడి గీతలున్న ముగ్గును ఒకే గీతగా మార్చాలంటే, రెండు వేర్వేరు గీతలు ఒకదానినొకటి దాటేచోట దాటనివ్వకుండా రెండింటినీ వెనుకకు మళ్లించాలి. అవి కలిసిపోయి ఒకటవుతాయి. పేరున్న ముగ్గులు వేసే పెద్దవాళ్లు చేతికి అలవాటైన ఈ పనిని లెక్క పేరు లేకుండానే చేస్తారు.

ఆఫ్రికాలోని అంగోలాలో చోక్వే జాతివారు ఇసుక మీద చుక్కలు పెట్టి వేసే సోనా గీతలకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. మొజాంబిక్ గణితవేత్త పౌలుస్ గెర్డెస్ వాటిని లోతుగా పరిశీలించాడు. తమిళ కోలాలను మద్రాసు క్రిస్టియన్ కాలేజీకి చెందిన గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృతివాసన్ 1974లో కంప్యూటర్ భాషల వ్యాకరణంగా రూపొందించారు. కొద్దిపాటి గుర్తులు, వాటిని పెంచే నియమాలు చేతికిస్తే యంత్రం ముగ్గును ఎంత పెద్దదైనా పెంచగలదని అందులోని భావం.

సందు చుక్కల ముగ్గు మరో రకం. పదిహేను చుక్కలు పెట్టి రెండువైపులా ఎనిమిది వరకు తగ్గించుకుంటూ వస్తే మొత్తం 169 చుక్కలు, ఆరు భుజాల ఆకారం వస్తాయి. ఒక చుక్క చుట్టూ ఆరు చుక్కలు సమదూరంలో ఉండే ఈ అమరిక తేనెపట్టులోనిదే. చోటు వృథా కాకుండా సర్దడంలో అంతకన్నా మెరుగైన అమరిక సమతలం మీద లేదు. పువ్వుల లెక్కతో సంబంధం ఇంతే: అక్కడ సర్దుకునే మొగ్గలు ఒకటొకటిగా మధ్య నుంచి పుడతాయి, ఇక్కడ చుక్కలన్నీ ముందే కూర్చుంటాయి. అందుకే పొద్దుతిరుగుడులో ఆరు భుజాలు కనిపించవు.

ప్రశ్న: గణితం తెలిసినవారికి సమీకరణం కూడా బొమ్మలా అందంగా కనిపిస్తుందట. మెదడులో దానికి రుజువు ఉందా?
— పాఠకుడు, తిరుపతి

జవాబు: ఉంది. నాడీశాస్త్రవేత్త సెమిర్ జెకీ, గణితవేత్త మైకేల్ అటియా తదితరులు 2014లో ప్రచురించిన పరిశోధనలో, 15 మంది గణితవేత్తలకు 60 సమీకరణాలు చూపిస్తూ వారి మెదళ్లను స్కాన్ చేశారు. అందంగా ఉన్నాయని వారన్న సమీకరణాలను చూసినప్పుడు, కంటి గూళ్ల పైభాగంలో, సంగీతానికీ చిత్రాలకూ స్పందించే మెదడు ప్రాంతమే చురుకైంది. ఎక్కువమంది మెచ్చినది ఆయిలర్ సమీకరణం. అందవిహీనంగా ఉందని ఎక్కువమంది అన్నది మన రామానుజన్ ఇచ్చిన, పై (π) విలోమానికి సంబంధించిన అనంత శ్రేణి. 1985లో బిల్ గాస్పర్ ఆ శ్రేణితోనే పై విలువను కోటీ డెబ్భై లక్షల అంకెలకు పైగా లెక్కించాడు.

ప్రశ్న: ఎనిమిదవ తరగతి పిల్లలతో, కంప్యూటర్ లేకుండా, ఒక్క గంటలో చేయించగల పని ఏదైనా చెప్పండి.
— డ్రాయింగు ఉపాధ్యాయురాలు, నల్లగొండ

జవాబు: కోణమాని, స్కేలు, ఏ4 కాగితం చాలు. పొద్దుతిరుగుడు గింజల అమరికను గీయడానికి హెల్ముట్ వోగెల్ 1979లో ఇచ్చిన పద్ధతి ఇది. కాగితం నడుమ ఒక బిందువు పెట్టించి, ఒక ఆధార రేఖ గీయించండి. ఎన్నవ గింజో ఆ సంఖ్యను 137.5తో గుణించి, 360 దాటితే అంతకన్నా తక్కువ వచ్చేవరకు 360 తీసివేస్తూ పోవాలి. వచ్చినది దాని కోణం. మొదటి గింజకు 137.5, రెండవదానికి 275, మూడవదానికి 52.5, తరువాత 190, 327.5, 105 డిగ్రీలు. మధ్య నుంచి దూరం ఆ సంఖ్యకు వర్గమూలం, సెంటీమీటర్లలో: మొదటిది 1, నాలుగవది 2, తొమ్మిదవది 3. వర్గమూలం తీసుకోవడం వల్ల ప్రతి గింజకూ సమానమైన చోటు దొరుకుతుంది. పిల్లలు వృత్త వైశాల్యం చదివి ఉంటారు కనుక కారణాన్ని వారిచేతనే చెప్పించవచ్చు. వంద గింజలకు దూరం 10 సెంటీమీటర్లకు చేరుతుంది, కాగితం వెడల్పు సరిగ్గా సరిపోతుంది. తరగతిని గుంపులుగా చేసి కోణాలను ముందే పట్టికగా రాయించకపోతే గంట చాలదు. ప్రతి గింజ కోణాన్నీ ఆధార రేఖ నుంచే కొలవమనండి, ముందు గింజ నుంచి కొలిస్తే చిన్న తేడాలు పోగుపడి బొమ్మ చెడుతుంది.

పూర్తయ్యాక అంచువైపు చుట్టలను రంగు పెన్సిళ్లతో కలపమనండి. ఒకవైపు 13, మరోవైపు 21 దొరుకుతాయి. ఒక గుంపుకు 137.5 బదులు 120 డిగ్రీలు ఇవ్వండి, వారికి మూడు తిన్నని గీతలు తప్ప ఏమీ రావు. మరో గుంపుకు 136 ఇవ్వండి. ఒక్క డిగ్రీన్నర తేడాకే గింజల మధ్య ఖాళీలు ఏర్పడి, పువ్వు ఒకేవైపు తిరిగే రెక్కలుగా విడిపోతుంది. మూడు కాగితాలనూ పక్కపక్కన గోడకు అంటించి, కారణం ఏమై ఉంటుందో పిల్లలనే రాయమనండి.